నెల్లూరు డొంకల నుంచి స్పెయిన్ పల్లె దారులకి: గ్రావెల్ సైకిల్ రూటు ఎలా ఎంచుకోవాలి, ఇక్కడ ఎలా తయారవ్వాలి

స్పెయిన్‌లో గ్రావెల్ రైడ్, అంటే మట్టి, కంకర దారుల మీద సైకిల్ ప్రయాణం, అనగానే మనవాళ్ళు ముందు అడిగేవి మూడే: ఎన్ని కిలోమీటర్లు, ఎంత ఎత్తు ఎక్కాలి, ఏ సైకిల్ కొనాలి. అవన్నీ తర్వాత చూసుకోవచ్చు. ముందు చూడాల్సింది ఊరికీ ఊరికీ మధ్య ఎంత దూరం, ఆ ఊళ్ళో మనుషులు ఉంటారా, నీళ్ళు ఎక్కడ పట్టుకోవాలి, మీరు చేరే రోజు అంగడి తెరిచి ఉంటుందా అన్నది. కావలి పక్కన గాని కందుకూరు పక్కన గాని ఏ డొంకలో పంక్చర్ అయినా పది నిమిషాలు నిలబడితే ఎవరో ఒకరు బండాపి "ఏమైంది అబ్బయ్యా" అని అడుగుతారు, గేదెలు తోలుకెళ్ళే ముసలాయనైనా ఆగి మాట్లాడతాడు. స్పెయిన్ లోపలి పల్లెల్లో గంటల తరబడి తొక్కినా ఒక్క మనిషి ఎదురుపడని దారులు ఉన్నాయి. అక్కడి తెరువేల్ ప్రావిన్స్‌లో చదరపు కిలోమీటరుకి ఉండేది దాదాపు తొమ్మిది మంది. 2011 జనాభా లెక్కల్లో మన నెల్లూరు జిల్లాలో ఆ సంఖ్య రెండు వందల ఇరవై పైన. ఈ ఒక్క తేడా బుర్రలో పెట్టుకుంటే ఏ రూటు, ఎంత సామాను, రోజుకి ఎంత తొక్కాలి అన్నవి వాటంతట అవే తేలతాయి.

మనకి కలిసొచ్చేవీ చాలా ఉన్నాయి. ఎండ మనకి కొత్త కాదు. ఎర్రమట్టి, కంకర, ఇసుక, చిల్లకంప ముళ్ళు, రేగడి బంక, వీటి మీద సైకిల్ ఎలా నడుస్తుందో మన డొంకల్లో తొక్కినవాళ్ళకి కాళ్ళకే తెలుసు. మనకి ఇక్కడ దొరకనివి మూడు: గంటల తరబడి సాగే ఎత్తులు, చలి, ఖాళీ. ప్రాక్టీసంతా ఈ మూడింటి కోసమే చేయాలి.

ఏ దారి ఎవరికి

మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది జిరోనా. బార్సిలోనాకి ఈశాన్యంగా, రైల్లో దగ్గర్లోనే ఉంటుంది, ప్రపంచంలోని ప్రొఫెషనల్ సైక్లిస్టులు చాలామంది అక్కడే ఇల్లు తీసుకుని ఉంటారు, కాబట్టి సైకిల్ అద్దెకిచ్చే షాపులు, మెకానిక్‌లు, విడిభాగాలు దేనికీ లోటు లేదు. పాత నేరోగేజి రైలు పట్టాలు తీసేసి సైకిల్ దారి చేసిన రూట్లు రెండు అక్కడ కలుస్తాయి. ఒకటి ఓలోత్ నుంచి జిరోనా దాకా 54 కిలోమీటర్లు, ఓలోత్ చుట్టూ చల్లారిపోయిన అగ్నిపర్వతాల ప్రాంతం. ఇంకోటి జిరోనా నుంచి సముద్రం ఒడ్డున ఉన్న సాంత్ ఫెలియూ దె గిషోల్స్ దాకా దాదాపు 40 కిలోమీటర్లు. ఓలోత్‌లో మొదలుపెట్టి సముద్రం వైపు వస్తే మొత్తం మీద దిగుడే ఎక్కువ. ఊళ్ళు దగ్గర దగ్గరగా ఉంటాయి, కాఫీ, రొట్టె, నీళ్ళు దొరుకుతాయి. కొత్త దేశంలో మట్టి దారి మీద మొదటి రెండు రోజులు ఇలా గడిస్తే టెన్షన్ పోతుంది.

ఇలాంటి పాత రైలు దారులని అక్కడ వియా వెర్దే అంటారు. 1993లో మొదలైన పథకం, ఇప్పుడు దేశమంతా కలిపి మూడు వేల కిలోమీటర్ల పైనే ఉన్నాయి. రైలు ఎక్కగలిగే వాలులో వేసినవి గనక మోకాళ్ళు పట్టేసే ఎత్తులు ఉండవు, సాధారణంగా మూడు శాతం లోపే. వీటిలో మూడింటిని గట్టిగా చెప్తాను.

అండలూసియాలో ఓల్వేరా నుంచి ప్వెర్తో సెర్రానో దాకా 36 కిలోమీటర్ల దారి ఒకటి. ముప్ఫై సొరంగాలు, లోయల మీద నాలుగు పెద్ద వంతెనలు ఉన్నాయి, పైగా దాని మీద ఒక్క రైలు కూడా నడవలేదు, 1920ల్లో కట్టడం మొదలుపెట్టి మధ్యలో వదిలేశారు. సొరంగాల్లో ఒకటి కిలోమీటరుకి దగ్గరగా ఉంటుంది, దీపాలు ఉన్నా నమ్ముకోకుండా మీ లైటు మీరు పెట్టుకోండి. బయట ఎండలో నుంచి లోపలికి వెళ్ళగానే కళ్ళు కనపడవు, నల్ల కళ్ళజోడు ముందే తీసి జేబులో వేసుకోండి. దారి మధ్యలో సఫ్రమగోన్ అనే రాతికొండ వస్తుంది, అక్కడ తప్పకుండా ఆగండి, పెద్ద రాబందుల కాలనీ ఉంది. మధ్యాహ్నం రాయి వేడెక్కి గాలి పైకి లేచే వేళకి అవి రెక్క కదపకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి పోతాయి, మీరు కింద నుంచి చూస్తే రెక్క చివర ఈకలు వేళ్ళలా విడివిడిగా కనిపిస్తాయి. మన పల్లెల్లో మా తాతల నాడు ఉండేవి, పశువులకి వాడిన డైక్లోఫెనాక్ మందు వాటిని తుడిచిపెట్టేసింది, 2006లో ఆ మందుని పశువులకి వాడకుండా నిషేధించేసరికే చాలా ఆలస్యమైంది. అందుకే ఆ కొండ కింద అరగంట ఎక్కువ కూర్చున్నా నష్టం లేదంటాను.

రెండోది హయేన్ నుంచి ప్వెంతె హెనీల్ దాకా 128 కిలోమీటర్ల ఆలివ్ నూనె దారి. హయేన్ ప్రావిన్స్‌లో ఆరు కోట్లకి పైగా ఆలివ్ చెట్లు ఉన్నాయి, పాత ఇనుప వంతెనల మీద నుంచి చూస్తే కనుచూపు మేర వరసలే. అందం ఉంది గాని నీడ తక్కువ, జులై ఆగస్టుల్లో నలభై డిగ్రీలు దాటుతుంది, ఆ నెలల్లో ఈ దారి జోలికి పోవద్దు.

మూడోది ఓహోస్ నేగ్రోస్. స్పెయిన్‌లో అన్నిటికన్నా పొడవైన వియా వెర్దే ఇదే, దాదాపు 160 కిలోమీటర్లు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తెరువేల్ గనుల నుంచి ఇనుప ఖనిజాన్ని వాలెన్సియా పక్కన సగుంతో రేవుకి తెచ్చిన రైలు దారి అది. 1,200 మీటర్ల పైన ఉన్న కనుమ దాటి సముద్ర మట్టం దగ్గరికి దిగుతుంది కాబట్టి తెరువేల్ వైపు నుంచి మొదలుపెడితే మీకు లాభం. రెండు మూడు రోజులకి విడగొట్టుకోండి. పక్కనే వాలెన్సియా–తెరువేల్–సరగోసా రైలు మార్గం ఉంది, అంటే మధ్యలో ఏదైనా తేడా వస్తే స్టేషన్ వెతుక్కుని వెనక్కి రావచ్చు. ఖాళీ ప్రదేశాల్లో తొక్కడం అలవాటు చేసుకోవడానికి ఇంతకన్నా మంచి దారి నాకు తెలియదు: ఊళ్ళు పల్చబడతాయి గాని తప్పిపోయే భయం ఉండదు.

దీని తర్వాతే మొంతాన్యాస్ వాసియాస్ గురించి ఆలోచించండి. తెరువేల్‌లో మొదలై తెరువేల్‌లోనే ముగిసే, ఏడు వందల కిలోమీటర్లకి దగ్గరగా ఉండే చుట్టు రూటు, క్వెంకా, గ్వాదలహారా వైపు అడవుల్లోకి పోయి వస్తుంది. అల్బరాసిన్ కొండలు, తాహో నది పుట్టే చోటు, పైన్ చెట్ల మధ్య గంటల కొద్దీ సాగే మట్టి దారులు, రాత్రి తలదాచుకోవడానికి అక్కడక్కడా రాతి గదులు. ఇదే అసలైన ఖాళీ. ఇక్కడ చలిని తేలిగ్గా తీసుకోవద్దు, తెరువేల్ ఊరే 900 మీటర్ల ఎత్తులో ఉంది, ఆ పక్క కలమోచాలో 1963 డిసెంబర్‌లో మైనస్ 30 డిగ్రీలు నమోదైంది. మే చివర, సెప్టెంబర్ నెలల్లో కూడా రాత్రుళ్ళు మనకి వణుకు పుట్టిస్తాయి.

ఇంకో రకం, దక్షిణాన గ్రనాదా నుంచి అల్మెరియా వైపు: గొరాఫె లోయలు, తబెర్నాస్ ఎడారి, కాబో దె గాతా సముద్రతీరం. 2020 నుంచి జరుగుతున్న బ్యాడ్‌ల్యాండ్స్ అనే పోటీ వల్ల ఈ పేర్లు అందరికీ తెలిశాయి. ఫోటోలు చూసి చాలామంది ముందు దీన్నే పట్టుకుంటారు. నీళ్ళు దొరకని దూరాలు ఎక్కువ, ఎండిన వాగుల్లో ఇసుక ఎక్కువ. పెన్నా ఇసుకలో సైకిల్ తోసినవాళ్ళకి ఆ ఇసుక అర్థమవుతుంది, కానీ పెన్నా గట్టున టీ కొట్టు ఉంటుంది. మొదటి ట్రిప్పుకి దీన్ని పెట్టుకోవద్దు.

మ్యాపులో "కన్యాదా" అని కనిపించే దారుల సంగతి కూడా చెప్పాలి. మెరినో గొర్రెల మందలని వేసవికి కొండలకి, చలికాలానికి దక్షిణానికి తోలుకెళ్ళిన దారులవి. 1273లో అల్ఫోన్సో పదో రాజు ఆ గొర్రెల కాపర్ల సంఘానికి హక్కులిచ్చాడు, 1995 చట్టం ప్రకారం ఇప్పటికీ అవి ప్రజల ఆస్తి, పెద్దవాటి వెడల్పు 75 మీటర్లు, దేశమంతా కలిపి లక్షా పాతిక వేల కిలోమీటర్లు. సైకిల్ మీద పోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అయితే కొన్ని చోట్ల గడ్డి పెరిగి దారే కనపడదు, కొన్ని చోట్ల పక్క రైతు దున్నేసి ఉంటాడు. మన డొంకలు ఆక్రమణలో కలిసిపోయిన తీరు చూసినవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. అందుకే కన్యాదా ఉన్న చోట శాటిలైట్ బొమ్మలో దారి తెల్లగా కనిపిస్తేనే రూటులో పెట్టుకోండి.

రూటు కాగితం మీద ఎలా వేయాలి

రూటు వేసే యాప్‌లలో కొమూట్, వికీలాక్, ఓఎస్ఎమ్‌ఆండ్ ఏదైనా పర్లేదు. స్పెయిన్ పల్లె దారులకి వికీలాక్‌లో ట్రాకులు, అంటే ముందు తొక్కినవాళ్ళు పెట్టిన జీపీఎస్ దారులు, ఎక్కువ దొరుకుతాయి, అది పుట్టిందే జిరోనాలో. ట్రాకు దించుకున్నాక అక్కడితో ఆగకండి. ఒక నోటుపుస్తకం తీసి రోజుకో పేజీ పెట్టి, దారిలో వచ్చే ప్రతి ఊరి పేరూ, ముందు ఊరి నుంచి దూరం, నీళ్ళు, తిండి, పడక, తారు రోడ్డు ఎంత దూరంలో ఉందో రాసుకోండి. నీళ్ళు అన్న చోట నలభై కిలోమీటర్లు ఖాళీ వస్తే ఆ రోజు నాలుగు లీటర్లు మోయాలి, లేదా దారి మార్చాలి. తారు రోడ్డు గడి ఖాళీగా ఉంటే ఆ రోజు ఒంటరిగా పోవద్దు.

దూరం విషయంలో మొహమాటం లేకుండా సగానికి తగ్గించండి. జాతీయ రహదారి 16 మీద ఒంగోలు నుంచి నెల్లూరు దాకా ఒక్క రోజులో హాయిగా వచ్చేవాళ్ళు కూడా అక్కడ కొండల్లో, సామానుతో, మట్టి మీద 55–60 కిలోమీటర్లు పెట్టుకుంటే సాయంత్రం వెలుతురు ఉండగా ఊరు చేరతారు. అక్కడ వేసవిలో రాత్రి తొమ్మిదింటి దాకా వెలుతురు ఉంటుంది కదా అని రోజుని సాగదీయకండి, పల్లెలో గది తాళం ఇచ్చే మనిషి అప్పటికి ఇంటికి వెళ్ళిపోయి ఉండొచ్చు.

ఏ నెలలో? ఏప్రిల్ రెండో సగం నుంచి జూన్ మొదటి వారం, లేదంటే సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా. మనకి సెప్టెంబర్ చివర బాగా కుదురుతుంది, ఎందుకంటే అక్టోబర్ దాటితే ఇక్కడ ఈశాన్య రుతుపవనాల వానలు మొదలై మన డొంకలు ఎలాగూ తొక్కనివ్వవు. ఆగస్టులో ఆ ఖాళీ ఊళ్ళన్నీ నిండిపోతాయి, పట్నాలకి వెళ్ళిపోయిన కుటుంబాలు జాతరలకి తిరిగొస్తాయి, సంక్రాంతికి మన పల్లెలు కళకళలాడినట్టు. చూడ్డానికి బాగుంటుంది, గది మాత్రం దొరకదు.

ఇక్కడ ప్రాక్టీసు

సముద్రపు గాలికి ఎదురు తొక్కడం చిన్న విషయం అనుకోవద్దు. నెల్లూరు నుంచి మైపాడు దాకా, అక్కడి నుంచి బకింగ్‌హామ్ కాలువ గట్ల వెంట, రొయ్యల గుంటల మధ్య ఉన్న మట్టి దారుల్లో ఎదురుగాలికి రెండు గంటలు ఆగకుండా ఒకే ఊపులో తొక్కితే పొడవాటి ఎత్తుకి కావాల్సిన ఓపిక వస్తుంది. ఎత్తులో ఆగితే దిగాలి, గాలిలోనూ ఆగితే బండి ఆగుతుంది, కాళ్ళకి విశ్రాంతి దొరకదు. వారానికి ఒకసారి ఇది చాలు.

నిజమైన ఎత్తు కావాలంటే కందుకూరు వైపు మాలకొండ. అక్కడి నరసింహస్వామి గుడి శనివారం మాత్రమే తెరుస్తారు, ఆ రోజు జనం, బళ్ళు. మిగతా రోజుల్లో తెల్లారే వెళితే కొండ రోడ్డు ఖాళీగా దొరుకుతుంది, కిందకీ పైకీ ఎన్నిసార్లు ఓపికైతే అన్నిసార్లు, ప్రతిసారీ కూర్చునే ఎక్కండి. లేచి తొక్కితే మట్టి మీద వెనక చక్రం జారుతుంది, ఆ అలవాటు ఇక్కడే మానుకోవాలి.

ఖాళీకి అలవాటు పడాలంటే పడమటికి వెళ్ళండి. కనిగిరి నుంచి పామూరు, సీఎస్ పురం మీదుగా భైరవకోన, అక్కడి నుంచి సీతారామపురం, ఉదయగిరి. ఎర్రమట్టి, రాళ్ళు, దూరం దూరంగా పల్లెలు, ఎడమకో కుడికో వెలిగొండలు. మన వైపు తెరువేల్‌ని పోలి ఉండేది ఈ మూలే. పూర్తి సామానుతో, బ్యాగులన్నీ కట్టుకుని, దారిలో అంగళ్ళలో ఏమీ కొనకుండా మీరు మోసుకెళ్ళిన నీళ్ళు, తిండితోనే ఒక రోజు గడపండి. సాయంత్రానికి ఎన్ని నీళ్ళు మిగిలాయి, ఏ వస్తువు బయటికి తీయనే లేదు అన్నది రాసుకుంటే స్పెయిన్‌కి ఏం పట్టుకెళ్ళాలో తేలిపోతుంది. గుళ్ళ దగ్గర దాటి అడవిలోపలి దారుల్లోకి మాత్రం అటవీశాఖ వాళ్ళని అడక్కుండా పోకండి, పులుల అభయారణ్యం ఉన్న నల్లమల వైపు మరీనూ. ఇంకా, ఎర్రమట్టి తవ్వకాలు జరిగే చోట టిప్పర్లు మలుపులో కూడా వేగం తగ్గించవు, ఆ దారుల్లో ఆదివారం ఉదయమే తొక్కండి.

ఎండాకాలంలో తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరి తొమ్మిదికల్లా ఇల్లు చేరండి. రోహిణి కార్తెలో ప్రాక్టీసు పెట్టుకుంటే ఒళ్ళు గట్టిపడదు, జబ్బు పడుతుంది.

సైకిలు

ఖరీదైన ఫ్రేము కన్నా టైరు ముఖ్యం. వియా వెర్దేలకి 38–40 మిల్లీమీటర్లు చాలు, మొంతాన్యాస్ వాసియాస్ లాంటి వాటికి 45–50 ఉంటే చేతులు, నడుము బతుకుతాయి. ట్యూబ్‌లెస్ చేయించి సీలెంట్, అంటే చిల్లు పడితే లోపలి నుంచి మూసేసే ద్రవం, పోయించండి. డెబ్బై కిలోల మనిషి 45 టైరులో 30 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి, చక్రం రాయి మీద ఎగిరితే తగ్గించుకోవాలి, రిమ్ముకి రాయి తగిలితే పెంచుకోవాలి. పల్లేరు కాయ అక్కడా ఉంది, పొలం అంచుల్లో, ఎండు గడ్డిలో. చేతిలోకి తీసుకుని చూడండి, బఠాణీ గింజంత ఉంటుంది, ఎటు పడేసినా ఒక ముల్లు పైకే నిలబడుతుంది. టైరులో దిగినప్పుడు దాన్ని పీకేయాలన్న ఆత్రం వద్దు, సీలెంట్ ఆ ముల్లు చుట్టూ గడ్డకట్టే దాకా చక్రం తిప్పి, సాయంత్రం గాలి పంపు చేతిలో పెట్టుకుని తీయండి.

గేర్లలో ముందు పళ్ళచక్రం కన్నా వెనక పెద్ద పళ్ళచక్రానికి ఎక్కువ పళ్ళు ఉండాలి. ముందు 40, వెనక 44 అంటే సరిపోతుంది, సామాను ఎక్కువైతే ముందు 36కి దించుకోండి. మన చదును రోడ్లకి షాపువాళ్ళు అమ్మే గేర్లు అక్కడ మోకాళ్ళని తినేస్తాయి. డిరైలర్ (వెనక గేర్లు మార్చే భాగం) ఫ్రేముకి తగిలించే హ్యాంగర్ మీ మోడల్‌ది ఒకటి అదనంగా తప్పకుండా పెట్టుకోండి, చేతి మూడు వేళ్ళంత ముక్క, కానీ అది విరిగితే ఆ కంపెనీది తెరువేల్ పల్లెలో ఎక్కడ దొరుకుతుంది?

అది విరిగేది ఎక్కువగా బంకమట్టిలో. వాన పడ్డ మర్నాడు ఆ ఎర్ర, తెల్ల బంకమట్టి దారుల్లో మన అద్దంకి, పర్చూరు వైపు నల్లరేగడిలో జరిగేదే జరుగుతుంది: టైరుకి మట్టి పట్టి, దాని మీద గడ్డి, దాని మీద చిన్న రాళ్ళు, పొరలు పొరలుగా పేరుకుని ఫోర్కు సందులో బిగుసుకుపోతుంది. సైకిల్‌ని లాగితే చక్రం తిరగకుండా జారుతుంది. అప్పుడు పెడల్ మీద బలం పెట్టారంటే చైను డిరైలర్‌ని స్పోకుల్లోకి లాగేస్తుంది. దిగండి, టైర్ లివర్‌తో గీకండి, సైకిల్‌ని గడ్డి మీదకి ఎత్తండి, దగ్గర్లో ఉన్న తారు రోడ్డుకి చేరండి. నోటుపుస్తకంలో తారు రోడ్డు గడి అందుకే పెట్టమన్నాను. ఎండ గట్టిగా కాస్తే మధ్యాహ్నానికి కొన్ని దారులు గట్టిపడతాయి, ఊళ్ళో కూర్చుని ఆగడం తెలివైన పని.

నీళ్ళు, తిండి

ప్రతి పల్లెలోనూ దాదాపుగా ఒక రాతి కుళాయి ఉంటుంది, కింద పశువులు తాగే తొట్టి. బోర్డు చదవండి. "పోతాబ్లే" అంటే తాగొచ్చు, "నో పోతాబ్లే" అంటే వద్దు, "నో త్రతాదా" అంటే శుద్ధి చేయని ఊటనీళ్ళు, ఫిల్టర్ ఉంటేనే పట్టుకోండి. ఊళ్ళో కుళాయి ఎండిపోయి ఉంటే శ్మశానం వైపు చూడండి, పూలకి నీళ్ళు పోయడానికి గేటు దగ్గర కుళాయి ఉంటుంది, మనకి మనసొప్పకపోయినా అక్కడ అందరూ పట్టుకునేవే, బోర్డు ఏమందో మాత్రం అక్కడా చూసుకోండి.

అంగళ్ళు మధ్యాహ్నం రెండింటి నుంచి ఐదింటి దాకా మూసేస్తారు. ఆదివారం మొత్తం మూతే, సోమవారం చాలా బార్లు సెలవు. అంటే శనివారం మధ్యాహ్నానికల్లా సోమవారం రాత్రి దాకా సరిపోయే తిండి బ్యాగులో ఉండాలి. బార్ అంటే అక్కడ సారాయి కొట్టు అనుకుని ఆగిపోకండి, ఊరికి అదే టీ కొట్టు, హోటలు, రచ్చబండ. పొద్దున్నే టమాటా రుద్ది ఆలివ్ నూనె పోసిన రొట్టె, గుడ్డు–బంగాళదుంప అట్టు దొరుకుతాయి. మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర మధ్య "మెనూ దెల్ దియా" అని పూర్తి భోజనం పెడతారు, రోజులో గట్టిగా తినేది అప్పుడే తినేయండి, రాత్రి భోజనం తొమ్మిదికి ముందు ఎవరూ వండరు. మాంసం తిననివాళ్ళు "సిన్ కార్నే" అన్నాక "సిన్ హమోన్, సిన్ అతూన్" అని కూడా చెప్పాలి, లేదంటే కూరగాయల పళ్ళెంలో పందిమాంసం ముక్కలు, చేప వస్తాయి.

ఇక్కడి నుంచి వేరుశనగ చిక్కీలు, వేయించిన శనగలు, పుట్నాల పొడి తీసుకెళ్ళండి. మాంసం, పాలతో చేసినవి ఐరోపాలోకి రానివ్వరు కాబట్టి మలై కాజా ఇక్కడే తినేసి బయల్దేరండి.

దారిలో పద్ధతులు

గొర్రెల మంద ఎదురైతే మన జోడిపి మందకి ఎలా ఆగుతామో అలాగే ఆగండి, కాకపోతే అక్కడ మందతో కాపరి కనపడకపోవచ్చు, పెద్ద మాస్టిఫ్ కుక్క ఉంటుంది. ఊరకుక్కల నుంచి వేగంగా తప్పించుకునే అలవాటు మనకి ఉంది, ఈ కుక్క దగ్గర అది పనికిరాదు. దూరంగానే దిగండి, సైకిల్‌ని మీకూ దానికీ మధ్య పెట్టుకోండి, గొంతు మామూలుగా పెట్టి ఏదో ఒకటి మాట్లాడుతూ మంద చుట్టూ దూరంగా నడవండి. మంద మధ్యలో నుంచి పోవద్దు. అది అరిచేది మంద కోసం, మీరు మందకి దూరమయ్యాక వదిలేస్తుంది.

కంచె గేటు ఎలా ఉందో అలాగే ఉంచండి, మూసుంటే దాటాక మూయండి. "కోతో" అని రాసిన నలుపు–తెలుపు రేకు కనిపిస్తే అది వేట హక్కులున్న నేల అని అర్థం, దారిలో పోవచ్చు. కానీ అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా, ముఖ్యంగా శని ఆదివారాల్లో, నారింజ రంగు చొక్కాల మనుషులు, జీపులు, "బాతీదా" అన్న బోర్డు కనిపిస్తే అడవిపందుల వేట నడుస్తోందన్నమాట, వెనక్కి తిరగండి. వేసవిలో అడవుల్లో నిప్పు పూర్తిగా నిషేధం, చిన్న గ్యాస్ స్టవ్ కూడా వెలిగించకండి. డేరా వేసుకోవడానికి ఒక్కో ప్రాంతంలో ఒక్కో రూలు, చాలా చోట్ల ఎక్కడ పడితే అక్కడ వేయనివ్వరు, పల్లెల్లో "కాసా రురాల్", "ఓస్తాల్", "అల్బెర్గే" అని ఉండే బసలకి ముందు రోజే ఫోన్ చేసి చెప్పండి. ఊరి బయట రోడ్ల మీద హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి. కార్లు మిమ్మల్ని దాటేటప్పుడు మీటరున్నర ఎడం వదలాలి, నిజంగానే వదులుతారు, మన రోడ్ల మీద బతికినవాళ్ళకి అది చూస్తే కడుపు నిండుతుంది.

కాగితాలు, పెట్టె

షెంజెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, కనీసం పదిహేను రోజుల ముందైనా దరఖాస్తు ఇచ్చి తీరాలి, అపాయింట్‌మెంట్ల రద్దీ చూస్తే మూడు నెలల ముందే కదలడం మేలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా కావాలి. ఏజెంటు ఇచ్చే పాలసీలో సైక్లింగ్, కొండల్లో నుంచి తీసుకొచ్చే ఖర్చు కవర్ అవుతాయో లేదో చదివి సంతకం పెట్టండి.

సైకిల్‌ని షాపులో దొరికే అట్టపెట్టెలో ప్యాక్ చేయొచ్చు. పెడళ్ళు విప్పేటప్పుడు ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, జాగ్రత్త. వెనక డిరైలర్ విప్పి చైన్‌స్టే (వెనక చక్రం దాకా పోయే కింది గొట్టం) లోపలికి కట్టేయండి, ఫోర్కు కాళ్ళ మధ్య చెక్కముక్క పెట్టండి. పవర్ బ్యాంకు చేతి బ్యాగులోనే. ఖరీదైన సైకిల్ అయితే చెన్నై విమానాశ్రయంలో వెళ్ళేటప్పుడే కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి, ఫ్రేమ్ నంబరు ఉన్న బిల్లు వెంట ఉంచుకోండి, తిరిగొచ్చేటప్పుడు ఇది అక్కడ కొన్నదా అన్న ప్రశ్న రాదు. వారం రోజుల ట్రిప్పుకైతే జిరోనాలోనో వాలెన్సియాలోనో అద్దె సైకిల్ తీసుకోవడమే తేలిక, మీ సాడిల్, పెడళ్ళు మాత్రం పట్టుకెళ్ళండి. అక్కడి లోకల్ రైళ్ళలో సైకిల్ అలాగే ఎక్కించొచ్చు, దూరపు రైళ్ళలో కొన్నిటికి సైకిల్ టికెట్ ముందే తీసుకోవాలి, హైస్పీడ్ రైళ్ళలో అయితే విప్పి సంచిలో పెట్టాల్సిందే.

ఫోన్‌లో 112 ఒక్కటే నంబరు, పోలీసుకైనా ఆంబులెన్సుకైనా. లోయల్లో సిగ్నల్ పోతుంది, మ్యాపులు ఆఫ్‌లైన్‌లో దించుకోండి. ప్రతి రోజూ పొద్దున బయల్దేరేముందు, సాయంత్రం చేరబోయే బస వాళ్ళకి ఏ దారిలో వస్తున్నారో, ఎన్నింటికి చేరతారో మెసేజ్ పెట్టండి, అదే మెసేజ్ ఇంటికి కూడా. చేరాక ఇద్దరికీ చేరానని చెప్పండి. దారంతా ఎవరూ కనపడని చోట, మీరు రాలేదని గమనించే మనిషి ఒకరు ఊరి చివర ఉండాలి, ఆ మనిషిని ముందే ఏర్పాటు చేసుకోకుండా ఏ రోజూ సైకిల్ ఎక్కకండి.